పాత మిలిటరీ హెలిపోర్టుల్లో సరదా విమానాలు: మన సీమలో కుదురుతుందా?

పెన్నగాలి (అనంతపురం)

అందరికీ నమస్కారం. ఇల్లు అనంతపురంలో, ఉద్యోగం బెంగళూరులో. విమానాల పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది. బెంగళూరులోనే జక్కూరు అనే చిన్న విమానాల మైదానంలో డబ్బు కట్టి మైక్రోలైట్‌లో (ఒకరిద్దరు కూర్చునే తేలికపాటి విమానం) ఒక చుట్టు తిరిగొచ్చాక అది ఇంకా ముదిరింది.

మా బావ జర్మనీలో కోబ్లెంజ్ దగ్గర ఉంటాడు. పోయిన ఎండాకాలం వాళ్లింటికి వెళ్తే, నా సంగతి తెలిసినవాడు కాబట్టి మెండిగ్ అనే ఊరికి తీసుకెళ్లాడు. నేల కింద అగ్నిపర్వతపు రాయి తవ్వి, తిరగలి రాళ్లు చేసి అమ్ముకుని బతికిన ఊరు. మన బేతంచెర్ల అనుకోండి. ఊరి పక్కన జర్మన్ ఆర్మీ హెలికాప్టర్ల స్థావరం ఉండేది. సీహెచ్-53 అని పెద్ద బండ హెలికాప్టర్లు అక్కడ ఉండేవట. 2000 దశకంలో ఆర్మీ ఖాళీ చేసింది. ఇప్పుడు అది మామూలు జనం ఎగిరే మైదానం. ఒక పెద్దాయన ఇద్దరు కూర్చునే విమానాన్ని షెడ్డులోంచి చేత్తో తోసుకుంటూ బయటికి తెచ్చాడు. ఆయిల్ చూసుకున్నాడు, చుట్టూ తిరిగి రెక్కలు కదిపి చూశాడు, ఎక్కాడు, పోయాడు. ఆయన రిటైరైన బడి పంతులని బావ చెప్పాడు. నాకు అదే మనసులో పడిపోయింది.

ఇప్పుడు అసలు విషయం. ధర్మవరం వైపు మా స్నేహితుడి వాళ్లకు పొలం ఉంది. దానికి ఆనుకుని, ఎప్పుడో వీఐపీ పర్యటనకు వేసిన కాంక్రీటు హెలిప్యాడ్ ఒకటి పడి ఉంది. చుట్టూ ఖాళీ. హెలిప్యాడ్ ఎలాగూ ఉంది కదా, దాన్ని ఆధారం చేసుకుని నలుగురం కలిసి ఒక చిన్న క్లబ్బు పెట్టుకోవచ్చా? మిలిటరీ వాళ్లు వదిలేసిన హెలిపోర్టులను బయటి దేశాల్లో ఎలా మార్చుకున్నారు? తెలిసినవాళ్లు చెప్పండి. ‘నీకెందుకురా ఇవన్నీ’ అనే సలహా మా ఇంట్లో ఉచితంగా దొరుకుతోంది, అదొక్కటీ వద్దు.

టవర్‌క్లాక్ (అనంతపురం)

హెలిప్యాడ్ సంగతి తర్వాత. పుట్టపర్తిలో 2,200 మీటర్ల పైచిలుకు రన్‌వే ఉంది, 1990లో కట్టినది. రోజూ వచ్చే సర్వీసు విమానాలు లేవు. కడపలో 2015 నుంచి ఎయిర్‌పోర్టు ఉంది, రోజులో ఎక్కువ సేపు ఖాళీయే. ఉన్న రన్‌వేలు ఎండకు ఎండుతుంటే నువ్వు చేనులో కొత్తది వేస్తానంటున్నావు. ముందు అక్కడ అడిగి చూడు బాసూ.

చీతా మెకానిక్ (కడప)

తమ్ముడూ, నేను ఆర్మీ ఏవియేషన్‌లో చీతా, చేతక్ హెలికాప్టర్ల మీద పనిచేసి రిటైరైనవాణ్ని. పైలట్‌ను కాదు, స్పానర్ పట్టినవాణ్ని. కాబట్టి నేల మీది సంగతులు చెప్తాను, ఆకాశం సంగతి వేరేవాళ్లు చెప్పాలి.

నువ్వు మెండిగ్‌లో చూసింది హెలికాప్టర్లు మిగిల్చిపోయిన సొత్తు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలోనే జర్మన్ వాయుసేన వాడిన మైదానం అది. అంటే విమానాలు దిగే పొడవైన పట్టా, అదే రన్‌వే, ముందు నుంచీ ఉంది, ఆర్మీ హెలికాప్టర్లు తర్వాత వచ్చి చేరాయి. అవి వెళ్లిపోయాక మళ్లీ విమానాలు వచ్చాయి. ష్వేబిష్ హాల్ అని ఇంకో ఊరు ఉంది. అక్కడా అదే కథ. యుద్ధకాలంలో మెసర్‌ష్మిట్ 262 జెట్లు తిరిగిన చోట అమెరికన్ ఆర్మీ హెలికాప్టర్లు పెట్టుకుంది, 1993లో వెళ్లిపోయింది. ఆ తర్వాత దాన్ని బాగుచేయించింది ఆ ప్రాంతంలోనే పుట్టిన వ్యూర్త్ అనే స్క్రూల కంపెనీ. 2004 నుంచి ఆ కంపెనీ పెట్టిన అడాల్ఫ్ వ్యూర్త్ పేరుతోనే నడుస్తోంది. అక్కడ పట్టా ఉంది, డబ్బు పెట్టే ఆసామీ కూడా దొరికాడు. ఈ రెండూ లేనిచోట ఏమైందో చూడు.

ఫ్రాంక్‌ఫర్ట్ ఊరి అంచున బోనామెస్ అని ఇంకో అమెరికన్ హెలికాప్టర్ల మైదానం ఉండేది. 1992లో ఖాళీ అయింది. పక్కన నిడ్డా అనే ఏరు, మరో పక్క ఇళ్లు. అక్కడ విమానాలు ఎగరనివ్వలేదు. కాంక్రీటులో చాలా భాగం పగలగొట్టి, ముక్కలు అక్కడే వదిలేసి, మొక్కలు వాటంతట అవి మొలిచేలా పెట్టారు. మిగిలిన పట్టా మీద పిల్లలు స్కేటింగ్ చేస్తారు, టవర్ కింద కాఫీ హోటల్ పెట్టారు. జనానికి పనికొచ్చింది, కాదనను. ఎగిరేవాళ్లకు మాత్రం పోయింది.

అమెరికాలో ఫోర్ట్ వోల్టర్స్ సంగతి ఇంకా పెద్దది. టెక్సస్‌లో మినరల్ వెల్స్ అనే ఊరి దగ్గర 1956 నుంచి 1973 దాకా అమెరికన్ ఆర్మీ తన హెలికాప్టర్ పైలట్లకు మొదటి పాఠాలు అక్కడే చెప్పింది. దాదాపు 40 వేల మంది నేర్చుకుని వెళ్లారు, ఎక్కువమంది పై శిక్షణ అయ్యాక వియత్నాంకు. చుట్టుపక్కల పల్లెల్లో ప్రాక్టీసు కోసం చిన్న చిన్న మైదానాలు వేసి వాటికి వియత్నాం ఊళ్ల పేర్లే పెట్టారు. ప్లేకు, దానాంగ్, హ్యూ, వుంగ్ తావ్. కుర్రాడికి రేపు రేడియోలో వినబడే పేరు ఇవాళే చెవిన పడాలని కాబోలు. యుద్ధం చల్లబడగానే స్కూలు మూతపడింది. ఆ చిన్న మైదానాల్లో చాలావాటి మీద ఇప్పుడు పశువులు మేస్తుంటాయి. హెలికాప్టర్‌కు సరిపోయిన చోటు విమానానికి సరిపోదు. ఎందుకో చెప్తాను.

చీతా రెక్కలు తిరిగే చుట్టు 11 మీటర్ల వ్యాసం. ఎంఐ-17 అయితే 21 మీటర్లు దాటుతుంది, నిండా ఎక్కిస్తే 13 టన్నుల బరువు. మన వీఐపీల కోసం రోడ్లు భవనాల శాఖ వాళ్లు వేసే ప్యాడ్ ఈ రెండో దాన్ని తట్టుకునేలా ఉంటుంది. నువ్వూ చూసే ఉంటావు: ముందు రోజు ట్యాంకర్లతో నీళ్లు చల్లుతారు, సున్నంతో హెచ్ అక్షరం వేస్తారు, గాలి ఎటు వీస్తోందో పైలట్‌కు తెలియడానికి పొగ వదులుతారు, ఫైరింజన్ నిలబడుతుంది. హెలికాప్టర్ వెళ్లిపోయాక అక్కడ మిగిలేది చదరపు కాంక్రీటు ముక్క. 450 కిలోల మైక్రోలైట్‌కు అంత మందం కాంక్రీటు అవసరమే లేదు. దానికి కావలసింది పొడవు. నీ హెలిప్యాడ్ మహా అయితే విమానం నిలబెట్టుకోవడానికి, నీళ్లతో కడుక్కోవడానికి, ఇంజిన్ విప్పి పని చేసుకోవడానికి పనికొస్తుంది. అది తక్కువేం కాదులే, దుమ్ములో ఇంజిన్ విప్పే ఖర్మ పగవాడికి కూడా వద్దు.

పొడవు ఎంత కావాలంటే, కంపెనీ పుస్తకంలో 150 మీటర్లలో లేస్తుందని రాసి ఉంటుంది. అది సముద్రమట్టంలో, చల్లని పూట లెక్క. అనంతపురం సముద్రమట్టానికి దాదాపు 1,100 అడుగుల ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు ఉంటే గాలి ఎంత పలచబడుతుందంటే, 4,600 అడుగుల ఎత్తున్న చోటి నుంచి లేస్తున్నట్టు లెక్క. ఇంజిన్ బలం తగ్గుతుంది, ప్రొపెల్లర్ పట్టు తగ్గుతుంది, రెక్క కింద గాలి చాలదు. అందుకే నా మాటగా 500 మీటర్లకు తగ్గకుండా గట్టి నేల చూసుకో. రెండు కొసల తర్వాత కూడా అడ్డం లేని నేల ఉండాలి. ఈ రెండో సంగతే ఎవరూ చూడరు.

రోజూ బస్సులో పోతూ జక్కూరు చూస్తుంటావు కదా. 1948 నుంచి ఉన్న మైదానం, పైలట్లను తయారు చేసిన చోటు. పక్కనే ఎయిర్‌పోర్టుకు పోయే ఎలివేటెడ్ రోడ్డు లేచాక విమానాలు దిగే దారికి అది అడ్డమైంది. పట్టా మీద ఒక్క ఇటుక కూడా పెట్టలేదు, అయినా ఇబ్బంది వచ్చింది. రన్‌వే ఉన్నంత మాత్రాన సరిపోదు, దాని రెండు కొసల మీద ఉన్న ఆకాశం కూడా మనది కావాలి. సర్కారు గుర్తింపు ఉన్న ఎయిర్‌పోర్టుల చుట్టూ ఎత్తు కట్టడాలకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌ఓసీ అడుగుతారు. మీ ధర్మవరం చేను చుట్టూ ఎవరూ అడగరు. పక్క చేను ఆసామి సెల్ టవర్‌కు చోటిచ్చిన రోజున నీ క్లబ్బు మూత.

పెన్నగాలి (అనంతపురం)

సార్, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్. రెండు సందేహాలు. మనవైపు గాలి బాగా వీస్తుంది కదా, ఎదురుగాలిలో తొందరగా లేస్తుందని విన్నాను, అంటే మనకు మేలే కదా? ఇంకొకటి, రేపెప్పుడైనా నిజంగానే మిలిటరీ వాళ్లు వదిలేసిన స్థలం క్లబ్బులకు ఇస్తామంటే ముందు ఏం చూడాలి?

టవర్‌క్లాక్ అన్నా, పుట్టపర్తి రన్‌వే సత్యసాయి ట్రస్టుది. నాలాంటివాడు వెళ్లి ‘మైక్రోలైట్ తెచ్చుకుంటాను’ అంటే గేటు దగ్గరే ప్రసాదం పెట్టి పంపిస్తారు.

చీతా మెకానిక్ (కడప)

గాలి నిటారుగా ఎదురొస్తే మేలే. పక్కనుంచి కొడితే చిన్న విమానం పది, పన్నెండు నాట్ల (గంటకు దాదాపు 20 కిలోమీటర్ల) గాలికే తబ్బిబ్బవుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి మీ జిల్లాలో ఎలా ఉంటుందో నీకే తెలుసు. అందుకే పట్టాను ఆ గాలికి ఎదురుగా వేసుకోవాలి, చేను గట్టుకు అనుకూలంగా కాదు. మన రైతులకు, మన ఇంజనీర్లకు కూడా ఈ ఒక్క సంగతి నచ్చచెప్పడం కష్టం. గట్టు వెంబడే గీత గీస్తారు. ఇంకోటి, ఎండాకాలం పొద్దున తొమ్మిది, పది దాటితే వేడిగాలి పైకి లేచి విమానాన్ని ఎగరేసి పడేస్తుంది. ఎగిరేవాళ్లు తెల్లవారగానే ఎగురుతారు, లేదా సాయంత్రం ఎండ చల్లబడ్డాక.

మిలిటరీ స్థలం సంగతి అడిగావు. నన్ను పంపిస్తే హ్యాంగర్ వైపు చూడను. మంటలార్పే ప్రాక్టీసు చేసిన గుంట ఎక్కడుందో చూస్తాను. విమాన ఇంధనం మంటలకు వాడిన పాత ఫోమ్‌లో పీఎఫ్ఏఎస్ అనే రసాయనాలు ఉంటాయి. నేలలో ఇంకితే పోవు, భూగర్భ జలంలో కలుస్తాయి. జర్మనీలో, అమెరికాలో ఎన్నో మిలిటరీ మైదానాల కింద నీళ్లు ఇలాగే చెడ్డాయి, శుభ్రం చేసే ఖర్చు ఎవరు పెట్టుకోవాలా అని ఇంకా కొట్లాడుకుంటున్నారు. బోరు నీళ్ల మీద బతికే జిల్లా మనది. నీళ్ల పరీక్ష చేయించకుండా కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఆ తర్వాత ఇంధనం ట్యాంకులు పూడ్చిన చోటు, ఆ తర్వాత హెలికాప్టర్లు కడిగిన చోటు. హ్యాంగర్ చూడ్డానికి బాగుంటుంది, రేకులు ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

రాతివనం (కర్నూలు)

కర్నూలు వైపు ఆశ పెట్టుకునేవాళ్ల కోసం నాలుగు ముక్కలు. మాది ఓర్వకల్లు మండలం. ఎయిర్‌పోర్టు 2021 మార్చిలో మొదలైంది, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు, రన్‌వే 2,000 మీటర్లు. చుట్టూ బీడు భూములు చూసి బయటివాళ్లు ‘అబ్బా, ఎంత ఖాళీ’ అంటారు. ఏం ఖాళీ? ఒక వైపు డీఆర్‌డీవో వాళ్ల ఓపెన్ ఎయిర్ రేంజ్. ట్యాంకుల్ని కొట్టే మిసైళ్ల దగ్గర్నుంచి, 2025 ఏప్రిల్‌లో డ్రోన్లను లేజర్‌తో కూల్చిన పరీక్ష దాకా ఇక్కడే జరిగాయి. అలాంటి చోట ‘మేం సరదాగా ఎగురుతాం’ అంటే ఎవరు ఒప్పుకుంటారు? ఇంకో వైపు గని, శకునాల సోలార్ పార్కు, 1,000 మెగావాట్లు. దాదాపు 5,900 ఎకరాల్లో అద్దాలు, వాటి కరెంటు మోసుకుపోయే హైటెన్షన్ లైన్లు. పైనుంచి చూసేవాడికి స్తంభం కనిపిస్తుంది గానీ తీగ కనిపించదని మా ఊరికి డ్రోన్‌తో సర్వే చేయడానికొచ్చిన కుర్రాడు చెప్పాడు.

ఇక నల్లమల వైపు పోవద్దు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి హెలికాప్టర్ ఆ కొండల్లో వానమబ్బుల్లో చిక్కుకున్న రోజు మేమంతా టీవీల ముందు ఎలా కూర్చున్నామో ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. రెండు ఇంజిన్ల బెల్ 430 అది, అనుభవం ఉన్న పైలట్లు. ఆ మబ్బుల ముందు మీ 450 కిలోలది ఎంత?

ఫ్లాప్స్‌డౌన్ (హిందూపురం)

నేను పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్సు) చేసినవాణ్ని, రూల్స్ గురించి నాకు తెలిసినంత రాస్తాను. తమ్ముడు ముందు తన లైసెన్సు సంగతి చూసుకోవాలి, చేను సంగతి తర్వాత. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు 17 ఏళ్లు నిండాలి, పది పాసై ఉండాలి, క్లాస్ 2 మెడికల్ ఉండాలి, 40 గంటలు ఎగిరి ఉండాలి. అందులో కొన్ని గంటలు ఒంటరిగా. మెడికల్ ముందు చేయించుకో. కళ్లో, బీపీయో అడ్డం వస్తే మిగతా ఖర్చు మిగులుతుంది.

2022 జూన్‌లో కేంద్రం నేషనల్ ఎయిర్ స్పోర్ట్స్ పాలసీ తెచ్చింది. పారాగ్లైడింగ్, పారామోటార్, గ్లైడింగ్, బెలూన్లు, మైక్రోలైట్లు అన్నీ అందులో ఉన్నాయి. మంచిదే. కానీ పాలసీ ఉంటే చేనులో విమానం దింపొచ్చని కాదు. విమానం రిజిస్ట్రేషన్ కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర, భద్రతా అనుమతులు, ఆకాశం వాడుకోవడానికి అనుమతి, జిల్లా అధికారుల కాగితం, దేనికదే తిరగాలి. ఒక ఆఫీసులో నా ఫైలు రెండు దీపావళులు చూసింది. ఏ ఆఫీసో చెప్పను, ఇంకా అక్కడ పని ఉంది.

పెట్రోలు సంగతి ఎవరూ రాయలేదు. మైక్రోలైట్లలో ఎక్కువగా ఉండే రోటాక్స్ 912 ఇంజిన్ మామూలు పెట్రోలుతో నడుస్తుందనే అందరూ దాన్ని కొంటారు. కంపెనీ ఒప్పుకునేది పది శాతం ఇథనాల్ దాకానే. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం కలిపినది. రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ దెబ్బతింటే రోడ్డు మీద బండి ఆగుతుంది, పక్కకు తోసుకుంటాం. అక్కడ అలా కాదు. కాబట్టి ఏవ్‌గ్యాస్, అంటే చిన్న విమానాల పెట్రోలు, తెప్పించుకోవాలి. ఇండియన్ ఆయిల్ వాళ్లు 2022 నుంచి వడోదరలో తయారు చేస్తున్నారు, అంతకు ముందు మొత్తం దిగుమతే. డ్రమ్ముల్లో వస్తుంది, ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, పైగా అందులో సీసం ఉంటుంది కాబట్టి ఇంజిన్ ఆయిల్ త్వరత్వరగా మార్చాలి. చీతా మెకానిక్ గారూ, మీ హెలికాప్టర్లకు ఈ బాధ లేదు కదా?

చీతా మెకానిక్ (కడప)

లేదు సార్. మా చీతా, చేతక్‌లలో ఉండే ఆర్టూస్ట్ ఇంజిన్‌కు కిరోసిన్ జాతి విమాన ఇంధనం, అదే ఏటీఎఫ్, పోస్తే చాలు. ఇదే ఇంకో చిక్కు చూడండి. మిలిటరీ హెలిపోర్టులో ట్యాంకులు, పంపులు అన్నీ ఏటీఎఫ్ కోసం కట్టినవి. పెట్రోలు ఇంజిన్ విమానాలవాళ్లకు ఆ ఏర్పాటు అక్కరకు రాదు. పొరపాటున ఏటీఎఫ్‌ను పెట్రోలు ఇంజిన్‌లో పోస్తే ప్రాణాలే పోతాయి. అన్నీ రెడీగా ఉన్నాయని సంబరపడి తీసుకున్నవాళ్లు చివరికి కంచె ఒక్కటే వాడుకుంటారు.

తమ్ముడూ, ఇవన్నీ చదివి బెదరొద్దు. ఇంకా ఆశ ఉంటే ఆ చేను పొడవు ఎంత, గట్టు ఏ దిక్కుకు ఉంది, కొసల్లో ఏముందో రాయి.

పెన్నగాలి (అనంతపురం)

సార్, మ్యాప్‌లో కొలిచాను. తూర్పు పడమరలుగా 540 మీటర్లు వస్తోంది. పడమటి కొసన హెలిప్యాడ్, ఆ వెనకాల చాలా దూరం బీడే. తూర్పు కొస దాటాక కరెంటు లైను అడ్డంగా పోతోంది, నాలుగు స్తంభాలు. నేల ఎర్రది, గట్టిగా ఉంటుంది, వాన పడినా బురద నిలవదు.

చీతా మెకానిక్ (కడప)

పడమటి గాలికి ఎదురుగానే ఉంది, నీ అదృష్టం. తూర్పు నుంచి దిగేటప్పుడు ఆ లైను మీదుగా రావాలి, అదొక్కటే తలనొప్పి. స్తంభం మీద పింగాణీ గిన్నెలు ఎన్ని ఉన్నాయో, ఎంత పెద్దవో ఫోటో పెట్టు, లైను ఎన్ని కేవీలదో దాన్ని బట్టి చెప్పొచ్చు. 11 కేవీ అయితే దరఖాస్తు పెట్టి, ఖర్చు మనమే కట్టుకుంటే పక్కకు జరుపుతారు. 33 అయితే ఖర్చు బాగా పెరుగుతుంది. అంతకంటే పెద్దదైతే ఆ చేను మరిచిపో, ఇంకోటి చూసుకో. ఈలోగా ప్యాడ్ పక్కన ఎత్తు కర్రకు పొడవాటి గుడ్డ సంచి కట్టి, పొద్దున, సాయంత్రం అది ఎటు ఎగురుతోందో, ఎంత లేస్తోందో మీ స్నేహితుణ్ని రాసి పెట్టమను. ఒక్క సీజన్ పాటు రాస్తే చాలు.

ఇంకొకటి అడగాలి. చేను మీ స్నేహితుడిదా, వాళ్ల నాన్నదా? పెద్దాయనతో మాట్లాడావా?

పెన్నగాలి (అనంతపురం)

ఇప్పుడే ఫోన్ చేశాను సార్. లైను 11 కేవీయే అంటున్నాడు, ఫోటో ఆదివారం పెడతాను. పెద్దాయన మాత్రం పోయిన వారమే వేరుశనగ విత్తేశాడట. పంట ఇంటికి వచ్చేదాకా ఆ చేనులోకి మీటరు టేపు పట్టుకుని కూడా రావద్దన్నాడు. గుడ్డ సంచికి ఒప్పుకున్నాడు, పిట్టల్ని కూడా తోలుతుందని.